తాడిపత్రి ఎండలో మూడు రంగుల సిమెంటు టైలు: ప్రెస్ మీద పని, నా అనుభవం

నాపబండల ఊళ్లో రంగుల టైలు ఎవరు కొంటారని చాలామంది అడుగుతారు. తాడిపత్రి, కడప బండ చల్లగా ఉంటుంది, చవక, తరతరాలు నిలుస్తుంది. కానీ దానిలో పువ్వు ఉండదు. వరండాకో, పూజగదికో, మెట్ల పక్క గోడకో పాతకాలం డిజైన్ కావాలనుకునేవాళ్లు మళ్లీ సిమెంటు టైలు వైపు వస్తున్నారు. ఆ టైలును హైడ్రాలిక్ ప్రెస్ మీద ఎలా తీస్తామో, ఎక్కడ చెడుతుందో నాకు తెలిసినంత రాస్తున్నాను. ముందే ఒక మాట: ఈ పనిలో రంగు కన్నా, యంత్రం కన్నా నీళ్లది పైచేయి. పలుచని గుజ్జులో నీళ్లెన్ని, అవి ఏ పొరలోకి పోతాయి, ఎంత త్వరగా ఎగిరిపోతాయి అన్నదే డిజైన్‌ను నిలబెడుతుంది, లేదా పాడుచేస్తుంది.

తమిళనాడులోని చెట్టినాడు వైపు ఆత్తంగుడిలో చేసే టైలు వేరు. అక్కడ గాజు పలక మీద చేత్తో పోసి, ప్రెస్ లేకుండా నీళ్లలో నానబెట్టి గట్టిపరుస్తారు. నునుపంతా గాజు నుంచే వస్తుంది. ప్రెస్ టైలు మాత్రం ఒత్తిడితో తయారయ్యే సరుకు. ముంబైలో భారత్ ఫ్లోరింగ్స్ అనే కంపెనీ 1922లో మొదలుపెట్టింది ఈ రకం పనే.

మేము తీసేది 20 సెంటీమీటర్ల చదరం, 20 మిల్లీమీటర్ల మందం. చదరపు మీటరుకు 25 టైల్స్. ఒక్కోటి ఇంచుమించు ఒకటిముప్పావు కిలో తూగుతుంది. లోపల మూడు పొరలు: పైన 5 మి.మీ. రంగు పొర, మధ్యలో 5 మి.మీ. పొడి పొర, వెనక 10 మి.మీ. పచ్చి కాంక్రీటు పొర. అచ్చులో మాత్రం ఇదంతా తలకిందులుగా నడుస్తుంది. రంగు ముఖం అడుగున ఉన్న నునుపు ఉక్కు పలకకు ఆనుకుని ఉంటుంది, వీపు పైకి ఉంటుంది.

రంగు పొరలో తెల్ల సిమెంటు ఒక పాలు, మార్బుల్ పౌడర్ ఒక పాలు, తూకంలోనే. తట్టలతో కొలిస్తే ప్రతిసారీ తేడా వస్తుంది. 100 టైల్స్‌కు సిమెంటు 19 కిలోలు, పౌడర్ 19 కిలోలు, నీళ్లు 12 నుంచి 13 లీటర్లు పడతాయి. రంగు పొడి సిమెంటు తూకంలో 3 నుంచి 5 శాతం చాలు. సిమెంటు నేల టైల్స్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1237 ప్రకారం 10 శాతం దాటకూడదు. ఎక్కువ రంగు వేస్తే ముదురుగా వస్తుందనుకుంటారు గాని, 5 శాతం దాటాక ముదురుదనం పెద్దగా పెరగదు, బలం మాత్రం తగ్గుతుంది. తెల్ల నేల మీద ఎర్ర పూరేకులు, నల్ల అంచు ఉన్న డిజైన్ తీసుకుందాం. వైశాల్యంలో సగం తెలుపు, 30 శాతం ఎరుపు, 20 శాతం నలుపు. 5 శాతం లెక్కన 100 టైల్స్‌కు ఎర్ర ఐరన్ ఆక్సైడ్ 285 గ్రాములు, నలుపు 190 గ్రాములు. ఆర్డరంతటికీ సరిపడా సిమెంటు, పౌడర్, రంగు ఒకేసారి పొడిగా కలిపి, 300 మైక్రాన్ల జల్లెడ పట్టి సంచుల్లో కట్టి పెట్టాలి. ఏ రోజుకారోజు కలిపితే గదిలో ఒక మూల ఎరుపు ఇంకో మూల ఎరుపుతో కలవదు.

రంగుల ఎంపికలో సిమెంటు సున్నాన్ని తట్టుకోవడమే అసలు పరీక్ష. ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు, ఆకుపచ్చకు క్రోమియం ఆక్సైడ్, నీలానికి కోబాల్ట్ నిలుస్తాయి. కోబాల్ట్ ఖరీదు. ప్రష్యన్ బ్లూ సిమెంటులో ఉన్న క్షారానికి విరిగిపోయి రంగు పోతుంది, దాని జోలికి పోవద్దు. కార్బన్ బ్లాక్ మరీ సన్నగా ఉండి, కాలం గడిచేకొద్దీ నీళ్లతో కడుక్కుపోతుంది. బేతంచెర్ల వైపు దొరికే పసుపు ఓకర్ మట్టి చవక, ఆ రంగు చూడ్డానికి కూడా ఎంతో బాగుంటుంది. కానీ దానిలో బంకమన్ను కలిసి ఉంటుంది, రంగు దట్టం తక్కువ. కావలసిన ఛాయ రావాలంటే 10 శాతం హద్దు దాటాల్సి వస్తుంది. గోడ టైలుకు లేత ఛాయగా ఫరవాలేదు, నడిచే నేలకు నేను వాడను.

పసుపు ఐరన్ ఆక్సైడ్ గురించి విడిగా చెప్పాలి. దాని రేణువులు సూదుల్లా ఉంటాయి, అందుకే నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. ఎరుపుకు పోసినన్ని నీళ్లే పోస్తే పసుపు గుజ్జు గట్టిగా నిలబడిపోతుంది. పక్కపక్క గడుల్లో ఒకటి గట్టిగా, ఒకటి జారుగా ఉంటే మధ్యలో రంగులను విడదీసే ఇత్తడి రేకు ఎత్తగానే జారుడుది గట్టిదాని కిందికి దూరుతుంది. అందుకని నీళ్ల కొలత అన్ని రంగులకూ ఒకటి కాదు, ఒకటిగా ఉండాల్సింది జారుడు. గాజు పలక మీద 5 సెం.మీ. పీవీసీ పైపు ముక్క నిలబెట్టి, గుజ్జు నింపి, పైకి ఎత్తితే 9 నుంచి 10 సెం.మీ. వెడల్పు పరుచుకోవాలి. మూడు రంగులూ అర సెంటీమీటరు తేడాలోపు ఉండాలి. చూపుకు దోశపిండిలా ఉంటుంది, కానీ చూపును నమ్మకండి, కొలవండి.

నలుపుకు తెల్ల సిమెంటు దండగ, మామూలు బూడిద సిమెంటు చాలని కొందరంటారు. ఖర్చు తగ్గేమాట నిజమే. అయితే రెండు సిమెంట్లూ గట్టిపడే వేగం, ముడుచుకునే తీరు వేరు. అంచు గీత వెంబడే వెంట్రుక పగుళ్లు వచ్చే అవకాశం ఉంది. రంగు పొర మొత్తం ఒకే సిమెంటుతో చేయడమే నా పద్ధతి. బూడిద సిమెంటు వెనక పొరలకు పెట్టుకుంటే సరిపోతుంది.

పోసేటప్పుడు అచ్చులో డివైడర్ ఫ్రేమ్ కూర్చుంటుంది. ఇత్తడి రేకుతో డిజైన్ ఆకారంలో వంచి అతికించినది, రేకు మందం 1 మి.మీ. అంచులు పలకకు పూర్తిగా ఆనాలి. ఎక్కడైనా వంగి సందు ఉంటే రంగు అక్కడినుంచే కారుతుంది. టైలుకు మొత్తం గుజ్జు 260 మి.లీ.: తెలుపు 130, ఎరుపు 78, నలుపు 52. నాలుగు ఎర్ర పూరేకులుంటే ఒక్కో పూరేకుకు 19 లేదా 20 మి.లీ. గడిగడికీ కొలత చెంచాలు వేరుగా పెట్టుకోవాలి. అన్ని గడుల్లోనూ మట్టం ఒక్కటిగా ఉండటం ముఖ్యం. ఎత్తున్న గడి పల్లమున్న గడిలోకి పారుతుంది. ఆపైన అచ్చును రెండుసార్లు మెల్లగా తట్టి బుడగలు పోగొట్టి, ఫ్రేమ్‌ను నిటారుగా, ఆగకుండా ఎత్తాలి. కాస్త వాలినా గీత తోకలా సాగుతుంది. ప్రతి పది పన్నెండు టైల్స్‌కూ ఫ్రేమ్ కడిగి తుడవాలి, లేకపోతే ఎండిన సిమెంటు రేకు మందాన్ని పెంచుతుంది. అడుగు పలకకు కిరసనాయిలు కలిపిన పలుచని నూనె బట్టతో తుడిచినట్టు పూయాలి. చుక్కగా నిలిచిన నూనె టైలు ముఖం మీద మచ్చయి మిగిలిపోతుంది.

ఫ్రేమ్ తీయగానే పొడి పొర. సిమెంటు ఒక పాలు, సన్నగా జల్లించిన పొడి ఇసుక రెండు పాళ్లు, టైలుకు 400 గ్రాములు, జల్లెడతో సమంగా చల్లాలి. కుమ్మరిస్తే కింద పువ్వు చెదురుతుంది. ఈ పొర పని నీళ్లు పీల్చడం. ప్రెస్ పడినప్పుడు రంగు గుజ్జులోంచి టైలుకు 55 గ్రాముల పైచిలుకు నీళ్లు బయటికొస్తాయి. ఆ నీళ్లే ఈ పొడిలోని సిమెంటును తడిపి గట్టిపరుస్తాయి. రంగు పొర కూడా అప్పటికప్పుడు బిగుసుకుని గీతలు కదలవు. ఇసుక తేమగా ఉంటే ఈ పీల్పు ఉండదు. నీళ్లకు దారి లేక పక్కలనుంచి చిమ్ముతాయి, వాటితో రంగూ కొట్టుకుపోతుంది. పెన్నా ఇసుక వాడితే కడిగి, ఎండబెట్టి వాడాలి. ఈ ఒక్క పనికి మా ఎండ బాగా కలిసొస్తుంది.

వెనక పొర సిమెంటు ఒక పాలు, డస్ట్ (క్రషర్ రాతిపొడి) మూడు పాళ్లు తూకంలో, సిమెంటు పాలు అంతకన్నా తగ్గకూడదు. టైలుకు 850 గ్రాములు. నీళ్లు 6, 7 శాతమే. పిడికిట్లో పడితే ముద్ద నిలవాలి, అరచెయ్యి తడవకూడదు.

ఇక ప్రెస్. ఐఎస్ 1237 కోరేది టైలు ముఖం మీద కనీసం 14 న్యూటన్లు చదరపు మిల్లీమీటరుకు, అంటే ఇంచుమించు చదరపు సెంటీమీటరుకు 140 కిలోలు. 20 సెం.మీ. టైలుకు 400 చ.సెం.మీ. వైశాల్యం కాబట్టి మొత్తం 56 టన్నులు కావాలి. గేజ్ చూపే అంకె ఇది కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. గేజ్ చూపేది సిలిండర్‌లోని నూనె ఒత్తిడి. ర్యామ్ (సిలిండర్‌లో నూనె తోసే దిమ్మె) వ్యాసం 20 సెం.మీ. అయితే దాని వైశాల్యం 314, 56,000ను 314తో భాగిస్తే 178. అంటే గేజ్ 178 చూపినప్పుడే టైలు మీద 140 పడినట్టు. అదే ప్రెస్ మీద 25 సెం.మీ. టైలు తీయాలంటే గేజ్ 279 దాకా పోవాలి. చిన్న ప్రెస్ ఆ ఒత్తిడికి తయారైనది కాకపోతే టైలు బయటికి బాగానే కనిపిస్తుంది, నీళ్లు పీల్చే పరీక్షలో మాత్రం పోతుంది. పెద్ద సైజు ఆర్డరు ఒప్పుకునే ముందు ఈ భాగహారం చేసుకోండి.

ఒత్తిడి రెండు విడతల్లో ఇవ్వాలి. మొదట తేలికగా తాకించి గాలి పోనిచ్చి, ఒక్క క్షణం వదిలి, అప్పుడు పూర్తి ఒత్తిడితో కొన్ని సెకన్లు పట్టి ఉంచాలి. ఒకేసారి దించితే గాలి పొరల మధ్య చిక్కుకుంటుంది. ఆరాక తడితే బోలుగా మోగుతుంది, కొన్నాళ్లకు రంగు పొర పెచ్చుగా లేస్తుంది. అచ్చులోకి దిగి ఒత్తే ప్లంజర్‌కూ అచ్చు గోడకూ మధ్య సందు అర మిల్లీమీటరు దాటితే అంచుల్లో గుజ్జు పైకి పాకి పళ్లలా నిలుస్తుంది. అచ్చు గోడలకు లోపల తొడిగే లైనర్ పలకలు మార్చాల్సిన సమయం వచ్చిందన్నమాట.

బయటికి తీసిన టైలును అంచు మీద నిలబెట్టి ఒక రోజంతా కదలనివ్వకూడదు. అనంతపురం జిల్లా గాలి తేమ లేని గాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ మొదటి గంటల్లోనే టైలు మీది తేమ ఎగిరిపోయి, ముఖం పొడిబారి, రుద్దితే రంగు చేతికి అంటుతుంది. అది రంగు లోపం కాదు, సిమెంటుకు నీళ్లు చాలకపోవడం. షెడ్డుకు గాలివైపు పట్టాలు కట్టి, తడి గోనెపట్టలు రాక్ చుట్టూ వేలాడదీయాలి. టైలుకు అవి తగలకూడదు. పోత పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కేలోపు ఆపేయడం మేలు. గుజ్జు ఒక్కసారికి ఐదారు కిలోలకు మించి కలపకూడదు. అరగంటలోపే బిగుస్తుంది. బిగిసిన గుజ్జులో మళ్లీ నీళ్లు పోస్తే బలం, ఛాయ రెండూ పోతాయి, పారేయడమే దారి.

మరునాడు తొట్టిలో నానబెట్టాలి. టైలుకూ టైలుకూ మధ్య సందు ఉండాలి. అప్పటినుంచి కనీసం 7 రోజులు తడి ఆరనివ్వకూడదు. 14 రోజులైతే ఇంకా మంచిది. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లతో కలిపినా, నానబెట్టినా ఆరేటప్పుడు టైలు మీద తెల్లగా చౌడు పూస్తుంది. తెలుపు మీద కనబడదు, నలుపు మీద దాచలేం. సిమెంటులోని సున్నం కూడా పైకొచ్చి గాలితో కలిసి తెల్లపొర కడుతుంది, కాబట్టి మంచి నీళ్లు వాడినా కొంత తప్పదు. అయితే మొదటిది తగ్గించడం మన చేతిలో ఉంది. గుజ్జుకు ఆర్వో నీళ్లు, తొట్టికి వాననీళ్లో ట్యాంకరు తీపినీళ్లో వాడండి.

ఆరాక 320 నంబరు పాలిష్ రాయితో తేలికగా ఒక చుట్టు తిప్పితే పైనున్న సిమెంటు తెర పోయి రంగు తేటపడుతుంది. ప్రతి విడతలోంచి కొన్ని టైల్స్ తీసి పొడిగా తూచి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూచాలి. పొడి బరువులో 10 శాతం మించి పెరగకూడదు. ఒకటిముప్పావు కిలోల టైలు 175 గ్రాముల నీళ్లు తాగిందంటే హద్దు చేరినట్టే. అప్పుడు గేజ్, వెనక పొరలో నీళ్లు రెండూ చూసుకోవాలి.

గోడకైతే వెనక పొర 6 మి.మీ.కు, పొడి పొర 4 మి.మీ.కు తగ్గించి 15 మి.మీ. టైలు తీస్తాం. రంగు పొర మాత్రం తగ్గించం. బరువు తగ్గి టైల్ అడెసివ్‌తో పట్టుకుంటుంది.

పరిచేటప్పుడు బేల్దారికి ముందే చెప్పాల్సినవి ఉన్నాయి. నాపబండల అలవాటుతో సందులు నింపడానికి పైన బూడిద సిమెంటు చల్లి చీపురుతో ఊడ్చేస్తారు. రంగు టైలు దాన్ని పీల్చి శాశ్వతంగా మసకబారుతుంది. టైలును ముందు నీళ్లలో ముంచి తీసి, సిమెంటు ఒకటికి ఇసుక ఆరు కలిపిన మాలు మీద పరిచి, రబ్బరు సుత్తితో తట్టి, ఒకటిన్నర నుంచి 2 మి.మీ. సందు వదిలి, ఆ సందులో తెల్ల సిమెంటులో అదే రంగు కలిపిన గుజ్జు నింపి, ఆరకముందే తడిబట్టతో తుడవాలి. పని పూర్తయ్యేదాకా పైన అట్టలు పరచాలి. ఆ తర్వాత మరకలు పోవాలని యాసిడ్ ఎప్పుడూ పోయవద్దు. రంగు పొరలో సగం మార్బుల్ పౌడరే, యాసిడ్‌కు పొంగి కరిగిపోతుంది, ఆ గరుకు మళ్లీ రాయి పట్టిస్తే తప్ప పోదు. తడిబట్ట, కాస్త సబ్బునీళ్లు చాలు.