హైవే మీద హత్య: మూడు స్టేషన్ల కాగితాలు ఒక కేసు అవ్వాలంటే

లారీ ఓనరు తమిళనాడులోని నామక్కల్‌లో ఉంటాడు. బండి కృష్ణపట్నం పోర్టులో లోడు ఎత్తుకుని ఉత్తరానికి బయల్దేరింది. మర్నాటి నుంచి డ్రైవర్ ఫోను స్విచ్ఛాఫ్. రెండు రోజులకు టంగుటూరు దగ్గర ఖాళీ లారీ కనబడింది. కావలి పక్క చిల్లచెట్లలో గుర్తు తెలియని శవం ఉంది. సరుకు ఎక్కడో అమ్ముడుపోయింది. ఇది ఊహించి చెప్తున్న కేసే గానీ, మన పదహారో నంబరు జాతీయ రహదారి మీద దోపిడీ హత్యలు దాదాపు ఇలాగే ఉంటాయి. నేరం ఒకటే. కాగితాలు మాత్రం మూడు స్టేషన్లలో ఉంటాయి: ఒకచోట మిస్సింగ్ కేసు, ఒకచోట వదిలేసిన బండి గురించి జనరల్ డైరీలో నాలుగు లైన్లు, ఒకచోట అనుమానాస్పద మృతి. ఈ మూడూ కలవనంత కాలం హంతకుడికి భయం లేదు.

ఒంగోలు ప్రాంతానికి ఇది కొత్త సంగతి కాదు. 2008లో మున్నా గ్యాంగ్ అధికారుల వేషంలో రాత్రిపూట లారీలు ఆపి, డ్రైవర్లను, క్లీనర్లను చంపి, ఇనుము లోడు అమ్ముకుంది. బండ్లను కూడా ముక్కలు చేసి తుక్కు కింద వదిలించుకుంది. ఆ కేసుల్లో ఒంగోలు కోర్టు 2021 మేలో 12 మందికి ఉరిశిక్ష వేసింది. పొరుగు రాష్ట్రం డ్రైవర్ ఇక్కడ మాయమైతే అతని కోసం ఇక్కడ వెతికే మనిషి ఉండడు. ఆ ముఠాకు ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

అందుకే మొదటి పని పరిధి గురించి వాదన మానెయ్యడం. జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా కట్టే కేసు) ఏ స్టేషన్‌లోనైనా కట్టొచ్చు, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెప్తోంది. నేరం ఏ పరిధిలో జరిగిందో తేలకపోయినా, కొంత ఇక్కడ కొంత అక్కడ జరిగినా, వాటిలో ఏ కోర్టయినా విచారించవచ్చని అదే చట్టం 198వ సెక్షన్ చెప్తోంది. అయినా "ఎక్కడ తప్పిపోయాడో తేల్చుకుని రండి" అనే జవాబు వినబడుతూనే ఉంటుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు కిందికి వెళ్లింది, అద్దంకి బాపట్లకు పోయింది. జిల్లా గీత మారినా హైవే అదే, దాని మీద తిరిగే ముఠాలూ అవే. పాత స్టేషన్ రికార్డులో అనుమానితుల మీద ఉన్న సస్పెక్ట్ షీట్లు కొత్త జిల్లా సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) వాళ్ల చేతికి అందాయో లేదో అడిగి మరీ చూసుకోవాలి.

శవం ఎవరిదో తేలడం దగ్గరే చాలా కేసులు ఆగిపోతాయి. పోలీసు స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్ఎస్‌లో మిస్సింగ్ వివరాలు, గుర్తు తెలియని శవాల వివరాలు రెండూ ఉంటాయి, పోల్చి చూసే వీలూ ఉంది. అయితే ఎక్కించిన వివరం "మగ, సుమారు 40, నీలం చొక్కా" అయితే అది దేనితోనూ కలవదు. చొక్కా కాలర్ తిప్పి చూడాలి. టైలర్ లేబుల్ అరవంలో ఉంటే కబురు ఏ రాష్ట్రానికి పంపాలో అక్కడే తెలిసిపోతుంది. పచ్చబొట్టు, పాత కుట్లు, కట్టించుకున్న పన్ను, చెప్పుల సైజు, జేబులో డీజిల్ బిల్లు ముక్క అన్నీ రాయాలి. వేలిముద్రలు తీసుకుని దేశవ్యాప్త వేలిముద్రల రికార్డు నాఫిస్‌లో వెతికించాలి. అక్కడ దొరకలేదంటే ఆ రికార్డులో అతని ముద్రలు లేవని మాత్రమే అర్థం, వెతకడం మానెయ్యమని కాదు. పోస్టుమార్టం డాక్టరుకు డీఎన్ఏ కోసం పన్ను గానీ తొడ ఎముక ముక్క గానీ తీసి ఉంచమని ముందే రాసివ్వాలి. పూడ్చిపెట్టాక మళ్లీ తవ్వించడం ఎంత కష్టమో, ఆ ఇంటివాళ్లకు అదెంత నరకమో చెప్పక్కర్లేదు.

మెడకు తాడు ఉంటే ముడి విప్పకూడదు. ముడికి ఎదురుగా, దూరంగా కోసి, కోసిన రెండు కొసలనూ దారంతో కలిపి కట్టి సీలు వెయ్యాలి. ఇంకో జిల్లాలో ఇంకో శవం మెడకు అలాంటి ముడే కనబడితే రెండు కేసులనూ కలిపే ఆధారం అదే. నెత్తురు బట్టలను నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. పాలిథిన్‌లో చుడితే చెమ్మకు కుళ్లి, ల్యాబ్‌కి వెళ్లేసరికి డీఎన్ఏ పాడైపోతుంది. ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్పాట్‌కు రావాలని కొత్త చట్టం అంటోంది. వాళ్లు వచ్చేలోగా స్పాట్‌ను కాపాడటం మాత్రం అక్కడున్న కానిస్టేబుల్ పనే. జనాన్ని ఆపలేకపోతే క్లూస్ టీముకు దొరికేది జనం అడుగులే.

శవం రైలు పట్టాల మీద దొరికితే లెక్క మారుతుంది. హత్య దర్యాప్తు రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్ చెయ్యదు, రాష్ట్ర పోలీసుల్లో భాగమైన రైల్వే పోలీసులకు, అంటే జీఆర్పీకి అప్పగిస్తుంది. స్టేషన్ కెమెరాల ఫుటేజీ మాత్రం ఎక్కువగా ఆర్పీఎఫ్ చేతిలో ఉంటుంది. జీఆర్పీ, ఆర్పీఎఫ్, లోకల్ స్టేషన్ ముగ్గురికీ కబురు ఒకేసారి రాతపూర్వకంగా పోతేనే పని జరుగుతుంది.

బండి కదలికలకు బుదనం, వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు టోల్‌గేట్లు ఉన్నాయి. ఏ గేటు దాటింది, ఏది దాటలేదు అన్నది ఫాస్టాగ్ లెక్క చూస్తే నేరం జరిగిన రోడ్డు ముక్క ఏదో తెలుస్తుంది. టవర్ డంప్ (ఒక సెల్ టవర్ కింద ఆ సమయంలో ఉన్న నంబర్లన్నీ) ఒక్కచోటిది తెస్తే హైవే మీద వేల నంబర్లు వస్తాయి, ఏమీ తేలదు. శవం దొరికిన చోటు, బండి వదిలిన చోటు రెండింటి డంపులూ తెప్పించి, ఆయా సమయాలకు రెండుచోట్లా ఉన్న నంబర్లను వేరు చెయ్యాలి. కాల్ రికార్డులను కంపెనీలు రెండేళ్లు ఉంచాలి కాబట్టి అవి ఎక్కడికీ పోవు. డాబాలు, పెట్రోలు బంకుల కెమెరాలు అలా కాదు, చాలాచోట్ల పదిహేను, ముప్పై రోజులకు పాతది చెరిగిపోతుంది. కనుక ముందు బంకుకు పోవాలి. వెళ్లగానే కెమెరా రికార్డరు (డీవీఆర్) తెర మీది టైమునూ అసలు టైమునూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, తేడా ఎంతో పంచనామాలో రాయాలి. డీవీఆర్ ఇరవై నిమిషాలు వెనక నడుస్తుంటే, ఆ సంగతి రాయకపోతే, కోర్టులో డిఫెన్సు లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే. కొత్త సాక్ష్య చట్టం (బీఎస్ఏ) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌లో రెండు భాగాలున్నాయి: ఒకటి పరికరం చూసుకునే మనిషిది, ఇంకొకటి నిపుణుడిది. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ అందులో ఎక్కించాలి. బంకు మేనేజరు ఉద్యోగం మారి వెళ్లిపోయాక సంతకానికి తిరగడం కన్నా ఆరోజే చేయించడం మేలు.

నిందితుడు చెన్నై శివార్లలో దొరికాడనుకోండి. అక్కడి స్టేషన్‌కు చెప్పి, వాళ్ల డైరీలో రాయించి, దగ్గరి మేజిస్ట్రేటు ముందు పెట్టి, ఇక్కడికి తెచ్చుకునే అనుమతి, అంటే ట్రాన్సిట్ రిమాండు తీసుకుని రావాలి. పట్టుకున్న అసలు టైమే అరెస్టు మెమోలో ఉండాలి, ఇరవైనాలుగు గంటల లెక్క అక్కడి నుంచే. అరెస్టు కారణాలను అతనికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని సుప్రీంకోర్టు 2025లో తేల్చింది. అరవం మాత్రమే వచ్చినవాడికి తెలుగు కాగితం ఇస్తే అరెస్టే చెల్లకుండా పోవచ్చు. కాబట్టి బయల్దేరే టీములో ఆ భాష రాయగలిగినవాళ్లు ఒకరుండాలి. వేరే కేసులో అప్పటికే జైల్లో ఉంటే జైలు నుంచి మన కోర్టుకు రప్పించే పీటీ వారెంటు మీద తేవాలి. ఇక్కడ ఆలస్యమైతే ఆ కేసులో బెయిలొచ్చి జారిపోతాడు.

పోలీసు రికార్డుల్లోకి రాని మనిషి ఇంకొకరున్నారు, నామక్కల్‌లో ఎదురుచూసే డ్రైవర్ భార్య. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా తెలియజెయ్యాలని బీఎన్ఎస్ఎస్ 193 చెప్తోంది. ఆమెకు తెలుగులో మెసేజ్ పెడితే లాభం లేదు, అక్కడి స్టేషన్ ద్వారా మనిషి వెళ్లి చెప్పాలి. పదేళ్ల తర్వాత సాక్ష్యానికి పిలవాల్సిందీ ఆమెనూ ఆ లారీ ఓనరునే. సమన్లు "ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు" అని వెనక్కి రాకుండా ఉండాలంటే, ఒక్క ఫోను నంబరుతో సరిపెట్టకుండా సొంతూరి అడ్రసు, దగ్గరి బంధువుల నంబర్లు రెండు చార్జిషీటు వేసేనాటికే సాక్షుల జాబితా ఫైల్లో రాసిపెట్టుకోవాలి.