మా బూత్ జాబితాలో ప్రతి పేరూ

పార్టీలో చేరితే మైకు పట్టుకుని మాట్లాడాలేమో అనుకున్నాను. 2023లో తెనాలి వైపు మా పల్లెలో సభ్యత్వం రాయించుకున్న వారానికే గ్రామ పార్టీ పెద్దాయన ఓటర్ల జాబితా జెరాక్సు నా చేతిలో పెట్టారు. "అమ్మాయ్, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది నువ్వేగా. ఇందులో ఎవరున్నారో, ఎవరు లేరో చూసిపెట్టు" అన్నారు.

మాది రాష్ట్ర పార్టీ. పేరు చెప్పను. కింది స్థాయిలో పని ఏ పార్టీలోనైనా ఒకటే.

నన్ను బూత్ లెవెల్ ఏజెంటుగా రాసిచ్చారు. బీఎల్‌ఓ అంటే బూత్ లెవెల్ ఆఫీసరు, ప్రభుత్వ మనిషి. బీఎల్‌ఏ అంటే నాలాంటి ఏజెంటు, పార్టీ మనిషి. చాలామంది ఇద్దరూ ఒకటే అనుకుంటారు. అక్టోబర్ 27న ముసాయిదా జాబితా వచ్చాక మధ్యాహ్నాలు మిషను ఆపేసి రోజుకో వీధి తిరిగాను. చనిపోయినవాళ్ళ పేర్లు తీయించడానికి ఫారం 7, పద్దెనిమిది నిండిన పిల్లల పేర్లు చేర్చడానికి ఫారం 6. పెళ్ళిళ్ళై వెళ్ళిన ఆడపిల్లల పేర్లే ఎక్కువ చిక్కు. ఎవరి పెళ్ళి జాకెట్టు ఎప్పుడు కుట్టానో నాకు గుర్తే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, అత్తగారి ఊళ్ళో ఫారం 8 పెట్టుకోండి, ఓటు అక్కడికి మారుతుంది అని చెప్పాను. అప్పట్లో బీఎల్‌ఓకి మేం ఒకసారికి పది ఫారాలకు మించి ఇవ్వకూడదు. మొదట్లో విసుగేసింది గానీ, ఆ నిబంధన ఎందుకుందో త్వరలోనే చూశాను.

నవంబరులో మండలం నుంచి మా పార్టీ ఆయనే ఒకరు వచ్చి, ఒక వీధి మొత్తానికి ఫారం 7 పెట్టమన్నారు. "వాళ్ళు మనకెయ్యరు. పైగా ఊళ్ళో ఉండరు" అన్నారు. ఇళ్ళకి తాళాలున్న మాట నిజమే. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనులకి వెళ్ళారు. కానీ సంక్రాంతికి వస్తారు, వాళ్ళ ముసలి తల్లులు ఇక్కడే ఉన్నారు. పని కోసం కొన్నాళ్ళు ఊరు వదిలినంత మాత్రాన ఓటు పోదని 1950 నాటి చట్టంలోనే ఉంది. తెలిసి అబద్ధం రాసి సంతకం పెట్టడం నేరం కూడా. "నేను పెట్టనన్నా" అన్నాను. "పార్టీ కంటే వాళ్ళెక్కువా నీకు?" అని కోప్పడ్డారు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇక మానేద్దామనుకున్నాను. తెల్లారగానే పెద్దాయన ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ వీధి పేజీ మొత్తం చదివారు. "ఇందరి ఓట్లు తీయించి, రేపు ఆ వీధిలో ఎట్టా నడుస్తాం తల్లీ? నువ్వన్నదే ఖాయం" అన్నారు. ఆ మాటతోనే నేను పార్టీలో ఉండిపోయాను.

2024 మే 13న పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. దానికి ఫారం 10, అంటే ఏజెంటుగా నియమించిన కాగితం, కావాలి. ఏడింటికి పోలింగ్ కాబట్టి ఐదున్నరకే బళ్ళో మాక్ పోల్, అంటే యంత్రాల్ని పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్, మొదలైంది. అసెంబ్లీకీ పార్లమెంటుకీ వేర్వేరు యంత్రాలు. ఒక్కోదాంట్లో కనీసం యాభై ఓట్లు, నోటాతో సహా అన్ని మీటలూ నొక్కి, ఓటు ఎవరికి పడిందో అచ్చేసే వీవీప్యాట్ చీటీలతో లెక్క సరిచూసి, తర్వాత అంతా చెరిపి సున్నా చూపించారు. కొత్తగా వెళ్ళేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే: ఆ సున్నా మీ కళ్ళతో చూడండి, సీళ్ళ నంబర్లు రాసుకోండి. ఎవరైనా దొంగ ఓటుకి వచ్చారనిపిస్తే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. మా బూత్‌లో ఆ అవసరం రాలేదు.

పదకొండు దాటాక తాళాల వీధివాళ్ళు వచ్చారు. రాత్రంతా బస్సులో నిలబడి వచ్చారట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పోలింగ్ అధికారి ఒక్కో పేరూ పైకి చదువుతుంటే నేను జాబితాలో టిక్కు పెడుతూ వచ్చాను. ఆ ఓట్లు మాకు పడవని తెలుసు. అయినా ఆ పేజీ నిండుతుంటే గొంతు పట్టేసింది.

ఆరింటికి వరసలో ఉన్నవాళ్ళకి చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు పంచారు. అందరూ వేశాక క్లోజ్ మీట నొక్కి, మాకు పోలైన ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం నకళ్ళిచ్చారు. నా టిక్కుల లెక్కా అందులోని అంకే ఒక్కటే. జూన్ 4న కౌంటింగ్ ఏజెంటుకి అప్పగించేదాకా ఆ కాగితాన్ని బీరువాలో పట్టుచీరల కింద దాచాను.