బెంగ అనుకున్నారు

1972 వేసవికి నా బరువు 37 కిలోలు. అంతకు ఆర్నెల్ల ముందు 49. "పిల్ల బెంగ పెట్టుకుంది" అన్నారు ఇంట్లో. వీధిలోనూ అదే మాట. చదువుకున్న నర్సుని, నేనూ అదే అనుకున్నాను.

బెంగకి కారణం ఉంది మరి. మా బావ నేవీలో సెయిలర్. మేనత్త కొడుకు. భీమిలిలో మా ఇంటికీ అత్త ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. సెలవులో వచ్చినప్పుడల్లా మొదటి రెండు రోజులూ అరుగు మీద కూర్చుని "నేల ఊగుతోందే" అనేవాడు. ఓడ దిగినా కాళ్ళు ఇంకా సముద్రం మీదే ఉన్నామనుకుంటాయట. "కల్లుపాక మీంచి వచ్చావేమోలే బావా" అని ఏడిపించేదాన్ని. 1972 మాఘంలో ముహూర్తం పెట్టుకుందామనుకున్నారు పెద్దలు.

ఈలోపు నేను బెంగాల్ వెళ్ళాను. 1971 జూన్. తూర్పు పాకిస్తాన్ నుంచి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి, శరణార్థులు లక్షల్లో వస్తున్నారు, ఏడాది చివరికి కోటి దాకా అయ్యారు. నేను నర్సింగ్ చదివిన మిషన్ ఆసుపత్రి నుంచి ఆరుగురిని పంపారు. కలకత్తా నుంచి జెస్సోర్ రోడ్డు మీద సరిహద్దు దగ్గర బన్‌గావ్. రోడ్డుకి రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు, వాటి కింద మనుషులు, వాన. మా వార్డంటే టార్పాలిన్ షెడ్డు. నేలంతా కలరా రోగులే. కూర్చుని సూది పెట్టాలంటే ముందు మోకాళ్ళు ఆ తడిలో ఆనించాలి.

సెలైన్ సీసాలు అయిపోయేవి. ఆ బన్‌గావ్‌లోనే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి తాగించడం మొదలుపెట్టారు. కలరాకి నోటి ద్వారా నీళ్ళేమిటని మా సీనియర్ సిస్టర్ మూతి విరిచింది. నేనూ నమ్మలేదు. ఒక రాత్రి ఒక తండ్రి తన నాలుగేళ్ళ కూతురికి సత్తు గ్లాసుతో ఆ నీళ్ళు పడుతూ, గ్లాసు అయినప్పుడల్లా ఒక గులకరాయి పక్కన పెట్టాడు. పిల్ల కక్కితే ఆ రాయి తీసేసేవాడు. తెల్లారేసరికి రాళ్ళు చిన్న కుప్ప అయ్యాయి. పిల్ల లేచి కూర్చుని ఆ రాళ్ళతో ఆడింది. ముప్పై శాతం దాకా పోతున్న చోట ఆ నీళ్ళతో నాలుగు శాతం లోపుకి వచ్చిందని తర్వాత లెక్కలు తేల్చారు. నాకు మాత్రం ఆ విషయం గులకరాళ్ళ లెక్కలోనే గుర్తు.

అదే షెడ్డులో దగ్గేవాళ్ళూ ఉండేవారు. కలరా వార్డులో దగ్గు ఎవరికి పట్టింది? "కాస్త పక్కకి తిరిగి దగ్గండి" అనడమే. అందరికీ అంటుకున్న జై బాంగ్లా కూడా నాకు వచ్చింది. కళ్ళకలకే, శరణార్థులతో పాటు వచ్చిందని కలకత్తావాళ్ళు పెట్టిన పేరు. ఎర్రటి కళ్ళతో వారం రోజులు డ్యూటీ చేశాను. పేరు బాగుందని బావకి ఉత్తరం రాస్తే, నీకు వచ్చే జబ్బులకి కూడా నినాదాల పేర్లేనా అని జవాబిచ్చాడు.

డిసెంబరు 3న యుద్ధం. ఆ అర్ధరాత్రి విశాఖ బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది. ఆ పేలుడుకి విశాఖలో కిటికీలు అదిరాయని నాన్న రాశారు. నేను భయపడింది భీమిలి గురించి. బావ బొంబాయి వైపు ఉన్నాడు, పరవాలేదనుకున్నాను. ఆ వారంలోనే సరిహద్దు అవతలి జెస్సోర్ పాకిస్తాన్ సైన్యం చేతిలోంచి విడుదలైంది. లారీల మీద కుర్రాళ్ళు టాగూర్ పాట పాడుకుంటూ వెళ్ళారు, తర్వాత బంగ్లాదేశ్ జాతీయగీతమైన పాటే. మా దగ్గరికి మాత్రం మందుపాతర మీద కాలు వేసినవాళ్ళు వచ్చారు.

9వ తేదీ రాత్రి గుజరాత్ తీరాన దీవు అనే ఊరికి దూరంగా, అరేబియా సముద్రంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ కొట్టిన దెబ్బకి మన యుద్ధనౌక ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోనే ఉండిపోయారు. బావ ఆ 176లో ఒకడు. ఆ రాత్రి నేనేం చేస్తున్నానో ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాదు. ఎవరికో కట్టు కడుతూ ఉంటాను. నాన్న ఉత్తరం నెలాఖరుకి గానీ చేరలేదు.

మనిషి దొరకలేదు కనుక చాన్నాళ్ళు అత్త ఒప్పుకోలేదు. ఈత వచ్చినోడు, ఏ గుజరాతీ పల్లెకో కొట్టుకుపోయుంటాడు అనేది. ఇక నా సంగతి ఎవరికీ పాలుపోలేదు. కట్టిన తాళి లేదు, తీయడానికి. పరామర్శకి వచ్చినవాళ్ళు అత్త దగ్గర ఏడ్చి, మా గడప దగ్గర ఆగి, నా వైపు చూసి వెళ్ళిపోయేవారు.

ఫిబ్రవరిలో ఇంటికి వచ్చేశాను. అన్నం సయించదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లవారుజామున జాకెట్టు పిండితే నీళ్ళు. పొడిదగ్గు. నర్సింగ్ పాఠంలో వరసగా చదివిన లక్షణాలే ఇవన్నీ. కానీ దుఃఖంలో ఉన్న మనిషికి ఏదైనా దుఃఖంలాగే కనబడుతుంది. డాక్టరు ఒకాయన బీకాంప్లెక్స్ టానిక్ రాసి, వేరే సంబంధం చూడమని నాన్నకి చెవిలో చెప్పారు. అత్త తాయెత్తు కట్టించింది. నిజం చెప్పాలంటే, నాకు ఆ నీరసం ఒక రకంగా ఇష్టంగానే ఉండేది. పసుపూ కుంకుమా చెప్పలేనిది నా ఒళ్ళు చెబుతోంది కదా అనిపించేది.

మే నెలలో ఒక రాత్రి నిద్రపట్టక నా దగ్గు నేనే విన్నాను. వేరే మంచం మీద ఎవరో దగ్గుతున్నట్టు విన్నాను. ఈ పేషెంటు నా వార్డులో ఉంటే చార్టులో ఏం రాసేదాన్ని? మర్నాటి నుంచి నాలుగు సాయంత్రాలు థర్మామీటరు పెట్టుకుని లెక్కల పుస్తకం వెనక అట్ట మీద గ్రాఫు గీశాను. 100.4, 100.8, 101, 100.6. అట్ట పట్టుకుని విశాఖ వెళ్ళాను. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో రూపాయి బిళ్ళంత కుహరం. కఫంలో బాసిల్లై, క్షయ క్రిములు.

ఇంట్లో అసలు గొడవ అప్పుడు మొదలైంది. బెంగ అయితే ఊరందరికీ చెప్పుకోవచ్చు, పైగా గౌరవం. క్షయ అయితే చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంది. అమ్మ నా కంచం వేరు చేసి, అలా చేసినందుకు తనే ఏడ్చింది. అందరికంటే విచిత్రం అత్త. కబురు విని వచ్చి, గుమ్మంలో నిలబడి చాలాసేపు నన్నే చూసి, "అయితే మావోడి కోసం కాదన్నమాటే, అమ్మీ?" అంది.

ఆ మాటకి ఇన్నేళ్ళలో నాకు జవాబు దొరకలేదు. అప్పుడు మాత్రం "రెండూ అత్తా" అన్నాను. ఆవిడ నమ్మలేదు.

ఇంట్లో ఉండి మందు వేసుకున్నా శానటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో, ఉన్నా ఫలితం ఒకటేనని మద్రాసులో అప్పటికే పరిశోధన చేసి తేల్చారు. అది నాకు తెలుసు, నాన్నకీ చెప్పాను. అయినా పై చదువుకి మద్రాసు వెళ్ళిందని ఊళ్ళో చెప్పి నన్ను మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియానికి పంపారు. స్టేషనుకి అత్త వచ్చింది. రైలు కదిలేముందు కిటికీలోంచి నా ఒళ్ళో ఒక మూట పడేసింది. ఉప్పుచేపలు. పెట్టెలో అందరూ ముక్కు మూసుకున్నారు.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మిషన్లవాళ్ళు తెరిచిన ఆసుపత్రి అది. చుట్టూ కొండలు, పొడిగాలి. ఐసోనియాజిడ్ మాత్ర ఒకటి మింగితే సరిపోయేది. పి.ఏ.ఎస్. అనే ఇంకో క్షయ మందు మాత్రం రోజుకి పది గ్రాములు, కడుపులో తిప్పేసేది. ఆ తండ్రి గులకరాళ్ళు గుర్తొచ్చి, నిలిచిన ప్రతి మోతాదుకీ కిటికీ గట్టు మీద ఒక చింతగింజ పెట్టేదాన్ని. స్ట్రెప్టోమైసిన్ సూది విశాఖలోనే మొదలైంది, రోజూ పిరుదు మార్చి పిరుదు. మూడో నెలలో ఒక ఉదయం మంచం దిగితే నేల ఊగింది. గోడ పట్టుకున్నాను, గోడా ఊగింది. ఆ మందు లోపలి చెవిని దెబ్బతీస్తుందని పాఠంలో చదివాను. కానీ ఆ క్షణంలో గుర్తొచ్చింది పాఠం కాదు. "నేల ఊగుతోందే."

చెబితే సూది ఆపేస్తారు. రెండు రోజులు చెప్పలేదు. మంచం అంచున కూర్చుని, కళ్ళు మూసుకుని, ఊగాను. మూడో రోజు తెల్లకోటు చూడగానే నాలోని నర్సు నోరు తెరిచింది. డాక్టరు ఆ పూటే ఆపించేశారు.

నాలుగో నెలకి కఫం నెగటివ్. ఏడాదిన్నర మందులు పూర్తి చేశాను. బరువు 47. చెల్లెలి పెళ్ళి నేను లేకుండానే అయింది. తర్వాత ముప్పై ఏళ్ళు నర్సుగానే పనిచేశాను. ఎవరైనా బెంగ అంటే, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతుందా అని అడిగేదాన్ని. కొందరికి కోపం వచ్చేది. 1978లో పెళ్ళి చేసుకున్నాను. మంచి మనిషి, ఆ కథ వేరు.

ఊగుడు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. వెలుతురులో కళ్ళు ఆసరా ఇస్తాయి. చీకట్లో మాత్రం ఇప్పటికీ గోడ తడుముకుంటూ నడుస్తాను. కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయి దీవు తీసుకెళ్ళాడు. అక్కడ సముద్రానికి ఎదురుగా ఖుక్రీ స్మారకం, గాజుపెట్టెలో చిన్న ఓడ నమూనా. చూస్తూ ఉండగానే పొద్దుగూకింది. "పడిపోతావమ్మా, చెయ్యి పట్టుకో" అన్నాడు అబ్బాయి. కాసేపు ఆగమన్నాను.