ఔరేపల్లి రైతుల ఓపిక

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డులో ఆమనగల్లు మీదుగా మాడ్గుల వైపు వెళ్తే ఔరేపల్లి వస్తుంది. చూడ్డానికి మామూలు ఊరే. కానీ పేదరికాన్ని చదివే ఆర్థికవేత్తలకు ఎక్కడున్నా తెలిసిన పేరు. ఇక్కడి కుటుంబాల పంటలు, ఖర్చులు, అప్పులు అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి ఏళ్ల తరబడి రాసుకున్నారు. అందుకే వెళ్లాను.

ఆ రోజుల్లో హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త మహబూబ్‌నగర్, షోలాపూర్, అకోలా జిల్లాల పల్లెల్లో నిజమైన డబ్బు పెట్టి బొమ్మా బొరుసా ఆడించాడు. 50 రూపాయలు ఖాయంగా తీసుకుంటారా, లేక నాణెం ఎగరేసి ఒకవైపు పడితే 200, రెండోవైపు పడితే సున్నాకు ఒప్పుకుంటారా? ఈ రెంటి మధ్య మరికొన్ని పందేలూ ఉండేవి. పందెం పెరిగేకొద్దీ దాదాపు అందరూ ఒక మోస్తరు జాగ్రత్తకే వచ్చారు. ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ పెద్ద తేడా లేదని 1980లో రాశాడు. పేదవాడు పుట్టుకతో పిరికివాడు కాదన్నమాట. మరి సాగులో ఎందుకు వెనకాడతాడు?

పత్తి చేను గట్టు మీద ఒక రైతును బోరు సంగతి అడిగాను. "నీళ్లు పడకుంటే పెద్ద ఆసామికి ఒక బోరు పోతది సార్. నాకు భూమే పోతది" అన్నాడు. పత్తి సాళ్ల మధ్య కంది ఉంది. పత్తి దెబ్బతిన్నా ఇంట్లో పప్పుకు లోటుండదట. వానల మీద నమ్మకం లేనిచోట పేద రైతులు లాభం తగ్గినా భద్రమైన సాగుకే మొగ్గుతారని 1993లో బిన్స్‌వాంగరే రోజెన్‌జ్వైగ్ అనే మరో ఆర్థికవేత్తతో కలిసి ఈ పల్లెల లెక్కలతోనే చూపించాడు. రైతు ఒక్క మాటలో చెప్పింది అదే.

పల్లె జనానికి ముందుచూపు లేదని పట్నంలో తేలిగ్గా అనేస్తారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఏరిన పత్తిని ఏరినట్టే అమ్మేస్తున్న ఒక పెద్దమ్మను కొన్నాళ్లు ఆగొచ్చు కదా అన్నాను. కానీ విత్తనం, ఎరువు అప్పిచ్చిన వ్యాపారికే ఆమె పత్తి పోయాలి.

"ఆగితే ధర వస్తదని మాకెరుక లేదా బిడ్డా? మిత్తి ఆగుతదా?"

"మిత్తి లేని అప్పు దొరికితే సంక్రాంతి దాకా ఆపుతరా?"

"సంక్రాంతేంది, ఉగాది దాకా ఆపుత" అంది.