మందులు ఆపేసిన తర్వాత

చిన్నప్పుడు నాకు రక్తక్యాన్సర్ వచ్చి తగ్గింది. పోయిన వారం గుండెకు ఎకో, అంటే గుండె స్కాన్, తీయించుకున్నాను. నార్మల్ అని వచ్చింది. "జబ్బు తగ్గిపోయింది కదా, ఇంకా ఈ టెస్టులేమిటికి పాపా?" అని ఉరవకొండ అత్త అడిగింది. చాలామంది ఇదే అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను.

ఆరో తరగతిలో నాకు కాళ్ల ఎముకల్లో నొప్పి, విడవని జ్వరం, దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు. అనంతపురంలో రక్తపరీక్ష చూసిన డాక్టరు వెంటనే బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి పొమ్మన్నారు. బోన్ మ్యారో (ఎముకల్లోని మూలుగ) పరీక్షలో ఏఎల్ఎల్ అనే రక్తక్యాన్సర్ అని తేలింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. ముదరని తెల్లకణాలు మూలుగంతా నిండిపోయి, మంచి రక్తకణాలు తయారుకాకుండా చేస్తాయి.

నాయన ఆ ఏడు చెనిక్కాయ వేయలేదు. అమ్మా నేనూ ఆసుపత్రి దగ్గర అద్దెగదిలో ఉన్నాం. స్టెరాయిడ్ మాత్రలకు మొహం ఉబ్బింది, ఆకలి ఆగేది కాదు. అర్ధరాత్రి ఉగ్గాని కావాలని ఏడిస్తే అమ్మ లేచి బొరుగులు నానబెట్టేది. వెన్నులో సూది వేసే రోజు మాత్రం ఏమీ తినబుద్ధి కాదు. రక్తంలోకి ఎక్కించే మందులు చాలావరకు మెదడుకు సరిగా చేరవట, అందుకని వెన్నులోకి కూడా ఇస్తారు.

విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ బిళ్ళగన్నేరు మొక్క నుంచి వస్తుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మా గోడవారన ఎవరూ నీళ్లు పోయకున్నా పూసే మొక్క! అవ్వకు ఫోన్లో చెబితే, "ఆకు నూరి పంపిద్దునా?" అంది. వద్దని గట్టిగా చెప్పాను, మీకూ చెబుతున్నాను. ఆ ఆకు తింటే విషం. అందులోంచి మందును వేరుచేసి, పిల్ల ఎత్తూ బరువూ లెక్కగట్టి, నరంలోకి మాత్రమే ఎక్కిస్తారు. అంత జాగ్రత్తగా ఇచ్చినా నా పాదాలు తిమ్మిరెక్కి, చెప్పులు జారిపోయినా తెలిసేది కాదు.

తర్వాత ఇంటి దగ్గరే రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు. అప్పటికి నాకు ఊడిపోయిన జుట్టు ఉంగరాలుగా మళ్లీ వచ్చింది, చూసేవాళ్లకు బాగానే ఉన్నట్టు కనిపించేదాన్ని. బాగుంది కదా అని కొందరు ఈ దశలోనే మాత్రలు వదిలేస్తారు. వదిలేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

మాత్రలు పూర్తిగా ఆపిన రోజు ఇంట్లో ఓళిగలు చేశారు. నాకేమో భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆ మాత్రే నన్ను కాపాడుతోందని అనుకున్నాను, మరి ఇప్పుడు? కొంచెం ఒళ్లు వెచ్చబడితే చాలు, అమ్మ నా మెడా చంకలూ తడిమి గడ్డలున్నాయేమో చూసేది. ఆ టెన్షన్ గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు. స్కూల్లో ఒకమ్మాయిని వాళ్లమ్మ నా పక్కన కూర్చోవద్దందట. క్యాన్సర్ అంటుకోదు. ఆ మాట ఆ రోజు ఎవరైనా పెద్దవాళ్లు తరగతిలో చెప్పి ఉంటే నాకు ఎంతో బాగుండేది.

ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పరుగెత్తుతాను. అయినా ఎకో ఎందుకంటే, నాకు ఎక్కించిన ఎర్రమందు డాక్సోరూబిసిన్ ఏళ్ల తర్వాత కూడా గుండె కండరాన్ని బలహీనం చేయగలదు. అది ఎంత పడిందో లెక్క ఉంటేనే డాక్టర్లు ఎప్పుడెప్పుడు చూడాలో చెప్పగలరు. స్టెరాయిడ్ల వల్ల తుంటి ఎముక కూడా దెబ్బతినొచ్చు, అందుకే అక్కడ నొప్పి వస్తే ఊరుకోను. చిన్నప్పుడు వేసిన టీకాల్లో కొన్ని మళ్లీ వేయించుకోవాల్సి వచ్చింది.

బంధువుల్లో కొందరు నా ఫైలు పెట్టెలో దాచేయమంటున్నారు. రేపు సంబంధాలు చూడాలి కదా, బయటపడితే ఎట్లా అని. వాళ్ల ప్రేమ నాకు తెలుసు, కానీ ఈ మాట ఒప్పుకోను. నేను చెడ్డపని చేసి దాచుకోవడం లేదు. ఆ ఫైలు నా ఒంటికి సంబంధించిన సమాచారం.

మీ పిల్లల వైద్యం ముగుస్తుంటే ఏయే మందులు, మొత్తం ఎంత మోతాదు ఇచ్చారో ఒక కాగితం మీద రాసిమ్మని ఆసుపత్రిలో అడగండి. నాది అమ్మ ఫోన్లో, నాయన ఫోన్లో ఫొటో తీసి ఉంచాను. కొత్త డాక్టరు ఎవరి దగ్గరికి పోయినా ముందు అదే చూపిస్తాను. పెళ్లిమాటలు వచ్చిన రోజు ఆ అబ్బాయికీ చూపిస్తానని అమ్మకు ఇప్పుడే చెప్పేశాను.