పాత టీవీ గాజు ఎవరికీ అక్కర్లేదు

హన్మకొండలో పాత సామాన్ల బండికి లావుపాటి డబ్బా టీవీ ఒకటి వేసి చూడండి. వెనక మూత విప్పి, పిక్చర్ ట్యూబ్ మెడకు చుట్టి ఉన్న రాగి కాయిల్ లాగేస్తారు, సర్క్యూట్ బోర్డు పీకి గోనెసంచిలో వేసుకుంటారు, ట్యూబు మాత్రం ఏ మోరీ పక్కనో పడుతుంది. రాగికి రేటుంది, బోర్డుకు రేటుంది, గాజుకు లేదు. పెద్ద కలర్ టీవీ అయితే ఆ గాజులో కిలోకు పైగా సీసం ఉంటుంది మరి!

ఈ-వేస్ట్, అంటే ఇలా పారేసిన ఎలక్ట్రానిక్ సామాను, అనగానే అందరూ బంగారం మాట ఎత్తుతారు. నిజమే, టన్ను సెల్‌ఫోన్ బోర్డుల్లో వందల గ్రాముల బంగారం ఉంటుంది, గనిలో టన్ను రాయికి ఐదారు గ్రాములొస్తేనే గొప్ప. కానీ దాన్ని పద్ధతిగా తీయాలంటే బోర్డులను ముక్కలు చేసి, ఇనుమును అయస్కాంతంతో వేరు చేసి, మిగిలింది కొలిమిలో కరిగించాలి. అప్పుడు బంగారం, వెండి రాగిలో కలిసిపోతాయి, ఆ రాగిని కరెంటుతో శుద్ధి చేస్తే అడుగున దిగే బురదలో దొరుకుతాయి. పొగనూ యాసిడ్ నీళ్లనూ శుభ్రం చేయడానికే బోలెడు ఖర్చు. ఆ ఖర్చు పెట్టకుండా తీగలు కాల్చి రాగి తీసేవాళ్లు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువిస్తారు, సరుకంతా అటే పోతుంది. తీగ మీది పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషాలు వస్తాయి, వాటిని పీల్చేది అక్కడ పనిచేసే పిల్లలు.

2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ వస్తే, పద్ధతి ప్రకారం రీసైకిల్ అయినట్టు లెక్క తేలింది 22.3 శాతమే.

మన దగ్గర 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త రూల్స్ వచ్చాయి. ఎలక్ట్రానిక్ వస్తువులు తయారుచేసే కంపెనీలు, ఇంత సరుకు రీసైకిల్ అయిందని చూపే సర్టిఫికెట్లు రీసైక్లర్ల దగ్గర కొనాలి. తర్వాత అందుకు రీసైక్లర్లకు కిలోకు కనీసం 22 రూపాయలివ్వాలని కేంద్రం పెడితే కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. ఆ కనీస ధర ఉండి తీరాలని నేనంటాను. అయితే ఆ డబ్బు అందేది రిజిస్టరైన ప్లాంటుకు, గల్లీ గల్లీ తిరిగి సరుకు తెచ్చే మనిషికి కాదు. వాళ్లకు కావాల్సింది సాయంత్రానికి చేతిలో నగదు. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు, లారీ నిండేదాకా సరుకు దాచే జాగా వాళ్లకు లేదు. అందుకే బల్దియా ముందుకొచ్చి ఒక షెడ్డు వేయాలి, కాంటా పెట్టాలి, ట్యూబు గాజుతో సహా అన్నింటికీ రేట్లు రాసి బోర్డు కట్టాలి, తూకం వేసిన చోటే పైసలు ఇవ్వాలి.