డేటా సైన్స్‌కి కొత్తవాళ్ళు డేటా 8తో మొదలుపెట్టండి

డేటా సైన్స్ ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరు అడిగినా నేను చెప్పే పేరు ఒక్కటే, డేటా 8. అమెరికాలోని బర్క్లీ యూనివర్సిటీ 2015లో మొదలుపెట్టిన కోర్సు ఇది. కోడింగ్ రాకపోయినా, స్టాటిస్టిక్స్ ముందు చదవకపోయినా పరవాలేదు. పాఠ్యపుస్తకం మొత్తం ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా అందులోనే మొదటి నుంచి నేర్పుతారు.

మెషిన్ లెర్నింగ్ (డేటా చూసి కంప్యూటరే నేర్చుకోవడం) ఎప్పుడొస్తుందా అని ఆత్రంగా ఉంటుంది చాలామందికి. ఈ కోర్సులో అది చివర్లో వస్తుంది, నన్నడిగితే అదే సరైన పద్ధతి. ముందు వచ్చేది 1854 నాటి లండన్ కలరా. కలరా చెడు గాలి వల్ల వస్తుందని అప్పట్లో ఎక్కువమంది డాక్టర్లు నమ్మేవాళ్ళు, జాన్ స్నో అనే డాక్టర్ మాత్రం నీళ్ళని అనుమానించాడు. ఒకే పేటల్లో పక్కపక్క ఇళ్ళకే రెండు వేర్వేరు కంపెనీలు నీళ్ళు ఇచ్చేవి. ఒకటి థేమ్స్ నదిలో మురుగు కలిసే చోట నీళ్ళు తోడేది, ఇంకోటి ఎగువన తోడేది. మొదటి కంపెనీ నీళ్ళు వాడిన ప్రతి 10,000 ఇళ్ళకి 315 మంది చనిపోతే, రెండోదానికి 37 మందే. ఆ రెండు అంకెల తేడా కంటే నాకు గొప్పగా అనిపించింది ఆ పోలిక ఎంచుకున్న తీరు: గాలి అదే, వీధి అదే, డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ రెండు వైపులా ఉన్నారు, మారింది నీళ్ళు మాత్రమే. డేటా చేతికి రాగానే గ్రాఫులు గీసేయకుండా ఎవరిని ఎవరితో పోల్చాలి అని ఆగి ఆలోచించడం ఇక్కడే అలవాటవుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది సిమ్యులేషన్, అంటే ఒక పనిని కంప్యూటర్‌తో మళ్ళీ మళ్ళీ ఉత్తుత్తిగా చేయించి చూడటం. 1965లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక కేసు ఉంది. అలబామాలోని ఒక కౌంటీలో జ్యూరీకి (కోర్టులో తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) అర్హులైనవాళ్ళలో 26 శాతం నల్లజాతివాళ్ళు, కానీ జ్యూరీని ఎంచుకోవడానికి పిలిచిన 100 మందిలో వాళ్ళు 8 మందే. తేడా పెద్దది కాదు అంది కోర్టు. సరే, నిజంగా చీటీలు తీసినట్టు ఎంపిక చేసి ఉంటే ఎంతమంది వచ్చేవాళ్ళు? కంప్యూటర్‌తో 10,000 సార్లు తీయించి చూడండి, నాలుగు లైన్ల కోడ్ అంతే. ఫలితాలన్నీ 26 చుట్టూ గుమిగూడతాయి, 8 దరిదాపులకి కూడా దాదాపు ఏదీ రాదు. పీ-వాల్యూ అంటే, ఎంపిక కేవలం చీటీలతోనే జరిగి ఉంటే ఇంత తేడా గానీ ఇంకా పెద్ద తేడా గానీ వచ్చే అవకాశం ఎంత అన్నది, ఫార్ములా చూడకముందే అర్థమైపోతుంది, ఆ తర్వాత ఆ మాట ఎక్కడ కనిపించినా టెన్షన్ ఉండదు.

బూట్‌స్ట్రాప్ కూడా ఇదే దారిలో చెప్తారు. చేతిలో ఉన్న ఒక్క శాంపిల్ నుంచే మళ్ళీ మళ్ళీ తీస్తూ మన అంచనా ఎంత అటూ ఇటూ అవుతుందో చూడటం. బ్రాడ్లీ ఎఫ్రాన్ అనే స్టాటిస్టిక్స్ నిపుణుడు 1979లో ప్రతిపాదించిన పద్ధతి.

వీడియోలు చూసి వదిలేస్తే మాత్రం ఇదంతా ఎక్కదు. జుపిటర్ నోట్‌బుక్ (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే పేజీ) తెరిచి ప్రతి సెల్‌లో, అంటే కోడ్ రాసే ప్రతి గడిలో, మీరే టైప్ చేయండి, జ్యూరీ లెక్కలో 10,000 బదులు 100 పెట్టి హిస్టోగ్రామ్ (ఏ ఫలితం ఎన్నిసార్లు వచ్చిందో చూపే గ్రాఫ్) ఎలా మారుతుందో చూడండి, 26 శాతాన్ని 15 చేసి చూడండి.

ఇంకోటి, టేబుల్స్ కోసం ఈ కోర్సు వాళ్ళు సొంతంగా రాసుకున్న లైబ్రరీ (ముందే రాసి పెట్టిన కోడ్) వాడతారు, పాండాస్ అనే పైథాన్ లైబ్రరీ కాదు. ఉద్యోగాల్లో వాడేది ఎక్కువగా పాండాస్ కాబట్టి తర్వాత అది విడిగా నేర్చుకోవాలి. గ్రూప్ చేయడం, జాయిన్ చేయడం అనే ఆలోచనలు అప్పటికే వచ్చి ఉంటాయి కాబట్టి కొత్తగా పట్టుకోవాల్సింది ఎక్కువగా సింటాక్సే, అంటే కోడ్ రాసే తీరు.